పిప్, కాండా, యూవీ, పిక్సీ: సైంటిఫిక్ పైథాన్ ప్యాకేజీలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా నడపడం ఎలా?

పిప్, కాండా రెండూ పైథాన్ ప్యాకేజీలు దించే టూల్స్. పిప్‌తో దించినా కాండాతో దించినా నంపై అనే లెక్కల లైబ్రరీ నంపైయే, ఇంపోర్ట్ చేసే పేరూ ఒకటే. డిస్క్ మీదకు దిగే సరుకు మాత్రం ఒకటి కాదు. పిప్ తెచ్చే వీల్ ఫైలు (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) బ్లాస్ అనే మాత్రికల లెక్కల లైబ్రరీలో ఓపెన్‌బ్లాస్ రకాన్ని తన పొట్టలో పెట్టుకుని వస్తుంది. కాండా-ఫోర్జ్ అనే చానల్ (కాండా ప్యాకేజీల నిల్వ) నుంచి వచ్చే నంపై బ్లాస్‌ను విడి ప్యాకేజీగా తెచ్చుకుని, పక్కనున్న సైపై, సైకిట్-లెర్న్‌లతో పంచుకుంటుంది. అనకొండా డిఫాల్ట్స్ చానల్‌లోనిది ఇంటెల్ తరహా మెషీన్ల మీద చాలాకాలంగా ఇంటెల్ సొంత బ్లాస్ అయిన ఎంకేఎల్‌తో కట్టినది. సైంటిఫిక్ పైథాన్ ఇన్‌స్టలేషన్ తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. పైథాన్ కోడ్‌లో తగాదా ఉండదు. దాని అడుగున ఉన్న సీ, సీ++, ఫోర్‌ట్రాన్ లైబ్రరీలకే ఒకదానితో ఒకటి పొసగదు.

ఈ మార్గదర్శి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఒక ఎన్విరాన్‌మెంట్‌కు (ఒక పైథాన్, దాని ప్యాకేజీలు కలిసి ఉండే విడి ఫోల్డర్‌కు) ఒకే యజమాని. ఆ యజమాని పిప్ కావచ్చు, యూవీ కావచ్చు, కాండా కావచ్చు. ఇద్దరు తప్పనిసరైతే ఎవరి తర్వాత ఎవరు రావాలో ముందే తేల్చుకోవాలి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, సమాన గుర్తులు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట ఆ మాట చెప్పాం.

ముందు లెక్క: మెషీన్‌లో ఎన్ని పైథాన్లున్నాయి?

కొత్తది పెట్టే ముందు ఉన్నవాటిని లెక్కపెట్టండి. లినక్స్, మ్యాక్‌లలో:

విచ్ -ఎ పైథాన్3

విండోస్‌లో:

పై -0పి

విండోస్‌లో 'వేర్ పైథాన్' కూడా పనిచేస్తుంది కానీ పవర్‌షెల్‌లో 'వేర్' అనేది వేరే కమాండ్‌కు మారుపేరు. అక్కడ 'వేర్.ఈఎక్స్‌ఈ పైథాన్' అని పూర్తిగా కొట్టకపోతే ఏమీ కనిపించదు.

తర్వాత, ఇప్పుడు నడుస్తున్నది ఏ పైథాన్, దాని పిప్ ఎక్కడుంది అన్నది:

పైథాన్ -ఎమ్ పిప్ --వెర్షన్
పైథాన్ -ఎమ్ సైట్

మొదటిది పిప్ ఉన్న ఫోల్డర్‌ను, అది ఏ పైథాన్ వెర్షన్‌కు చెందినదో చూపిస్తుంది. ఉత్త 'పిప్' అని కొట్టే అలవాటును ఇక్కడితో వదిలేయండి. పాత్ (షెల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) వరుసలో ముందున్న పిప్ ఏదైతే అదే పలుకుతుంది, అది మీరు యాక్టివేట్ చేసిన పైథాన్‌ది కాకపోవచ్చు. 'పైథాన్ -ఎమ్ పిప్' అంటే ఆ పైథాన్‌లోకే ప్యాకేజీ చేరుతుంది, మరో మాట లేదు.

రెండో కమాండ్ చాలామంది చూడని చోటును బయటపెడుతుంది. 'ఎనేబుల్_యూజర్_సైట్' అన్న వరుసలో 'ట్రూ' అని ఉంటే, మీ హోమ్ ఫోల్డర్‌లోని .లోకల్ కింద గతంలో ఎప్పుడో 'పిప్ ఇన్‌స్టాల్ --యూజర్' అని పెట్టిన ప్యాకేజీలు కూడా ఇంపోర్ట్ దారిలో ఉన్నాయన్నమాట. పైథాన్‌తోనే వచ్చే వెన్వ్ టూల్‌తో చేసిన ఎన్విరాన్‌మెంట్లు ఈ ఫోల్డర్‌ను మామూలుగా పట్టించుకోవు, కాండా ఎన్విరాన్‌మెంట్లు మాత్రం పట్టించుకుంటాయి. పైగా ఆ ఫోల్డర్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ కంటే ముందు వరుసలో ఉంటుంది. అందుకే కాండాలో నంపై 2.1 పెట్టినా 1.24 ఇంపోర్ట్ అవడం లాంటి వింతలు జరుగుతాయి. విరుగుడు: ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి,

కాండా ఎన్వ్ కాన్ఫిగ్ వార్స్ సెట్ పైథాన్‌నోయూజర్‌సైట్=1

ఆ వేరియబుల్ పేరు మొత్తం కలిపి, పెద్ద అక్షరాల్లో. ఆపైన ఎన్విరాన్‌మెంట్‌ను మళ్లీ యాక్టివేట్ చేస్తేనే అమల్లోకి వస్తుంది. పైథాన్‌పాత్ అనే వేరియబుల్ షెల్ సెటప్ ఫైల్లో ఉంటే దాన్నీ తీసేయండి. అది వెన్వ్, కాండా తేడా లేకుండా అన్నిట్లోకీ దూరుతుంది.

సిస్టమ్ పైథాన్ జోలికి పోవద్దు

డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో పెట్టబోతే 'ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్-ఎన్విరాన్‌మెంట్' అనే ఎర్రర్ వస్తుంది. అది పెప్ 668 అనే ప్రమాణం పని. ఆ పైథాన్‌కు యజమాని ఏపీటీ (సిస్టమ్ ప్యాకేజీలు పెట్టే టూల్), పిప్ కాదు. ఎర్రర్ సందేశంలోనే '--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్' అనే దొడ్డిదారి కనిపిస్తుంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఏమీ దాచలేదు, అది చేసేది అదే. కంటెయినర్ లోపల తప్ప దాన్ని వాడకండి. లైబ్రరీలు కాకుండా టూల్స్ మాత్రమే కావాలంటే 'పిప్ఎక్స్ ఇన్‌స్టాల్' లేదా 'యూవీ టూల్ ఇన్‌స్టాల్' చాలు. ఒక్కో టూల్‌కు విడిగా ఎన్విరాన్‌మెంట్ కట్టి, కమాండ్‌ను మాత్రం బయటికి ఇస్తాయి.

యజమానిని ఎంచుకునే పరీక్ష

'సైంటిఫిక్ పైథాన్ అంటే కాండాయే' అన్న సలహా 2012 నాటికి నూటికి నూరుపాళ్లూ నిజం. కాండా పుట్టిందే ఆ ఏడాది. అప్పట్లో లినక్స్ కోసం కంపైల్ చేసిన ప్యాకేజీలు పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే నిల్వ) పెట్టే వీలే లేదు. సైపై కావాలంటే ఫోర్‌ట్రాన్ కంపైలర్ దగ్గర పెట్టుకుని గంటసేపు కూర్చోవాల్సిందే. 2016లో మెనీలినక్స్ ప్రమాణం (ఒకే వీల్ చాలా లినక్స్‌లలో నడిచే పద్ధతి) వచ్చాక పరిస్థితి మారింది. నేడు నంపై, సైపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సైకిట్-లెర్న్, హెచ్5పై లాంటివన్నీ తయారైన వీల్స్‌గా పైపీఐలో దొరుకుతాయి.

అందుకే ఊహలతో పని లేదు, అడిగి చూడండి. ఖాళీ వెన్వ్‌లో మీకు కావాల్సిన ప్యాకేజీలన్నీ ఒకే వరుసలో రాసి:

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ --డ్రై-రన్ --ఓన్లీ-బైనరీ=:ఆల్: నంపై సైపై పాండాస్ రాస్టెరియో

డ్రై-రన్ కాబట్టి ఏమీ ఇన్‌స్టాల్ కాదు. ఓన్లీ-బైనరీ కాబట్టి సోర్స్ నుంచి కంపైల్ చేసే ప్రయత్నమూ జరగదు. 'వుడ్ ఇన్‌స్టాల్' అనే వరుస వచ్చిందంటే మీ పనికి పిప్ లేదా యూవీ సరిపోతుంది. ఏదో ఒకటి దొరకలేదని ఆగిపోతే దాని పేరు చూడండి. మ్యాప్ డేటా లైబ్రరీ జీడాల్‌కున్న పైథాన్ బైండింగులు (పైథాన్ నుంచి దాన్ని పిలిచే వంతెన) దీనికి పెద్ద ఉదాహరణ. పైపీఐలో వాటి సోర్స్ మాత్రమే ఉంటుంది. సిస్టమ్‌లో ఉన్న జీడాల్ లైబ్రరీ వెర్షన్, బైండింగ్ వెర్షన్ రెండూ కలవాలి. లేదంటే కంపైల్ దశలోనే కూలుతుంది. రాస్టెరియో, పైఓజీఆర్ఐఓ మాత్రం తమ జీడాల్‌ను వీల్‌లోనే తెచ్చుకుంటాయి కనుక వాటితో సరిపెట్టుకోగలిగితే ఈ బాధే లేదు.

జీడాల్, క్లస్టర్ మీద ఎంపీఐ (చాలా ప్రాసెస్‌ల మధ్య లెక్క పంచే పద్ధతి), ఆర్ భాషతో కలిపి నడిచే పని, సొంత ఫోర్‌ట్రాన్ కోడ్‌కు కంపైలర్లు, ఇలాంటివి కావాలంటే కాండా-ఫోర్జ్‌ను యజమానిగా పెట్టుకోండి. కాండా ప్యాకేజీలతో పాటు పైపీఐలోనే దొరికే అరుదైన లైబ్రరీలు కూడా కావాలంటే పిక్సీ (రెండు చోట్ల నుంచీ తేగల టూల్) చూడండి.

పైథాన్ వెర్షన్ ఎంపిక కూడా ఈ దశలోనే తేల్చాలి. కొత్త పైథాన్ ఏటా అక్టోబరులో వస్తుంది. ప్యాకేజీలన్నిటికీ దానికి సరిపడే వీల్స్ వచ్చేసరికి వారాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. ఆ లోపు ఇన్‌స్టాల్ చేయబోతే పిప్ సోర్స్ ఫైల్ అందుకుని కంపైల్ చేయబోతుంది, విండోస్‌లో 'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 కావాలి' అని ఆగిపోతుంది. కంపైలర్ వేసుకోవడం దానికి మందు కాదు, పైథాన్‌ను ఒక మెట్టు కిందికి దించండి. మరీ పాతదీ కుదరదు. పైథాన్ వెర్షన్ వచ్చిన మూడేళ్లకు దానికి మద్దతు ఆపేయవచ్చని సైంటిఫిక్ పైథాన్ ప్రాజెక్టులు స్పెక్ 0 పేరుతో చేసుకున్న ఒప్పందం ఉంది. తాజా వెర్షన్‌కు ఒకటి వెనక ఉన్నది ఎప్పుడూ క్షేమం.

దారి 1: వెన్వ్, పిప్

పైథాన్3.12 -ఎమ్ వెన్వ్ .వెన్వ్
సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్
పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ --అప్‌గ్రేడ్ పిప్

డెబియన్, ఉబుంటుల్లో మొదటి కమాండే ఆగిపోతే ఏపీటీతో 'పైథాన్3-వెన్వ్' ప్యాకేజీ వేసుకోవాలి. విండోస్‌లో యాక్టివేట్ ఫైలు .వెన్వ్ కింద 'స్క్రిప్ట్స్' ఫోల్డర్‌లో ఉంటుంది.

ప్యాకేజీలను ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ పోకండి, అన్నీ ఒకే కమాండ్‌లో ఇవ్వండి. పిప్ 20.3 వెర్షన్‌తో 2020లో కొత్త రిజాల్వర్ (వెర్షన్లను పొందిక చేసే భాగం) వచ్చింది కానీ అది ఆ కమాండ్‌లో అడిగినవాటి మధ్య పొత్తు కుదురుస్తుంది. నిన్న పెట్టిన ప్యాకేజీకి నేటి మార్పు పడకపోతే చివర్లో ఒక ఎర్ర వరుస రాసి ఊరుకుంటుంది, ఇన్‌స్టలేషన్ మాత్రం పూర్తి చేసేస్తుంది. అందుకే ప్రతి ఇన్‌స్టాల్ తర్వాత 'పైథాన్ -ఎమ్ పిప్ చెక్' నడపడం అలవాటు చేసుకోండి. రెండు సెకన్ల పని.

వెర్షన్ హద్దులు రాసేటప్పుడు కోట్ గుర్తులు మరవొద్దు.

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ "నంపై<2"

కోట్లు లేకపోతే బాణం గుర్తును షెల్ తన కోసమే అనుకుంటుంది. 'నంపై>=1.26' అని కోట్లు లేకుండా కొడితే హద్దు లేని నంపై ఇన్‌స్టాల్ అవుతుంది, పైగా ఫోల్డర్‌లో '=1.26' అనే పేరుతో ఒక ఫైలు పుడుతుంది. మీ ప్రాజెక్టులో అలాంటి ఫైలు కనిపిస్తే దాని జన్మరహస్యం ఇదే.

వెన్వ్ ఫోల్డర్‌ను మరోచోటికి జరపడం, పేరు మార్చడం కుదరవు. లోపలి స్క్రిప్టుల మొదటి వరుసలో పూర్తి పాత్ రాసి ఉంటుంది. ఫోల్డర్ మారితే తీసేసి మళ్లీ కట్టుకోవడమే.

దారి 2: యూవీ

2024 ఫిబ్రవరిలో ఆస్ట్రల్ సంస్థ విడుదల చేసిన టూల్ ఇది, రస్ట్ భాషలో రాసినది. పైథాన్ వెర్షన్లు దించడం, వెన్వ్ కట్టడం, లాక్‌ఫైల్ రాయడం మూడూ తనే చేస్తుంది. కొత్త ప్రాజెక్టుకు, వీల్స్ అన్నీ పైపీఐలో ఉన్నప్పుడు, మా ఓటు దీనికే.

యూవీ ఇనిట్ ప్రయోగం
సీడీ ప్రయోగం
యూవీ యాడ్ నంపై సైపై పాండాస్
యూవీ రన్ పైథాన్ మెయిన్.పై

'యూవీ యాడ్' తో మీరు అడిగినవి పైప్రాజెక్ట్.టామెల్ ఫైల్లోకి, వాటి వెనకాల వచ్చిన ప్రతిదాని కచ్చితమైన వెర్షన్ యూవీ.లాక్‌లోకి చేరతాయి. రెండు ఫైళ్లనూ గిట్‌లో పెట్టండి, .వెన్వ్‌ను పెట్టకండి. ఇంకో మెషీన్‌లో 'యూవీ సింక్ --లాక్డ్' అంటే అదే వెర్షన్లు దిగుతాయి. లాక్‌ఫైల్ పాతబడి ఉంటే నోరు మూసుకుని మార్చేయకుండా ఆగి చెబుతుంది.

ఇక్కడో గొయ్యి ఉంది. యూవీ కట్టిన వెన్వ్‌లో పిప్ ఉండదు. దాన్ని యాక్టివేట్ చేసి అలవాటుగా 'పిప్ ఇన్‌స్టాల్' అంటే పాత్‌లో ఇంకెక్కడో ఉన్న పిప్ పలుకుతుంది, ప్యాకేజీ అక్కడికి పోతుంది. 'ఇన్‌స్టాల్ అయింది అంటోంది, ఇంపోర్ట్ కావట్లేదు' అనే ఫిర్యాదులకు ఇదొక పెద్ద కారణం. అక్కడ 'యూవీ యాడ్' లేదా 'యూవీ పిప్ ఇన్‌స్టాల్' వాడాలి.

దారి 3: కాండా

అనకొండా పూర్తి ఇన్‌స్టాలర్ బదులు మినీఫోర్జ్ వేసుకోండి. కారణాలు రెండు. మినీఫోర్జ్ మొదటి నుంచీ కాండా-ఫోర్జ్ చానల్‌నే వాడుతుంది. అనకొండా డిఫాల్ట్స్ చానల్‌కైతే 200 మందికి మించిన సంస్థలు డబ్బు కట్టాలన్న షరతులున్నాయి. పాత ల్యాప్‌టాప్ మీద మిగిలిపోయిన సెట్టింగ్ ఏదైనా డిఫాల్ట్స్‌ను లోపలికి తెస్తోందేమో ఇలా పట్టుకోవచ్చు:

కాండా కాన్ఫిగ్ --షో-సోర్సెస్

తర్వాత ఒక్కసారి చేసే అమరిక:

కాండా కాన్ఫిగ్ --సెట్ చానల్_ప్రయారిటీ స్ట్రిక్ట్

దీనివల్ల ముందు వరుస చానల్‌లో ఒక పేరు దొరికితే కింది చానల్‌లో అదే పేరున్న ప్యాకేజీని సాల్వర్ (కాండాలో వెర్షన్లు తేల్చే భాగం) చూడదు. డిఫాల్ట్స్‌లోని ఒక లైబ్రరీ, కాండా-ఫోర్జ్‌లోని ఇంకో లైబ్రరీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో పడి కొట్టుకోవడం ఆగుతుంది.

బేస్ ఎన్విరాన్‌మెంట్‌లో ఏమీ పెట్టకండి. కాండా ప్రోగ్రామ్ ఉండేది అక్కడే. అది పాడైతే దాన్ని బాగుచేసే పనిముట్టు కూడా పాడైనట్టే. ప్రతి పనికీ విడి ఎన్విరాన్‌మెంట్, అదీ ఒకే దెబ్బలో:

కాండా క్రియేట్ -ఎన్ జియో పైథాన్=3.12 నంపై ఎక్స్అరే నెట్‌సీడీఎఫ్4 జీడాల్
కాండా యాక్టివేట్ జియో

సాల్వర్ గంటల తరబడి తిరిగేదన్న చెడ్డపేరు పాతది. 23.10 వెర్షన్ నుంచి కాండా కూడా, దానికి వేగమైన ప్రత్యామ్నాయంగా వచ్చిన మాంబా వాడిన లిబ్‌మాంబా సాల్వర్‌నే వాడుతోంది. మాంబా కోసం విడిగా వెతుక్కోవాల్సిన అవసరం తగ్గింది.

సమాన గుర్తుల తేడా గమనించండి. కాండాలో ఒక్క సమాన గుర్తుతో 'పైథాన్=3.12' అంటే 3.12 శ్రేణిలో ఏదైనా. పిప్‌లో ఒక్క సమాన గుర్తు చెల్లదు, రెండు పెట్టాలి, అదీ అచ్చంగా ఆ వెర్షనే అని అర్థం.

యాక్టివేట్ చేయకుండా ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్‌ను పూర్తి పాత్ ఇచ్చి పిలవడం వెన్వ్‌లో ఫర్వాలేదు, కాండాలో ప్రమాదం. జీడాల్, ప్రోజ్ లాంటివి తమ డేటా ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే వేరియబుల్స్‌ను యాక్టివేట్ సమయంలోనే పెట్టుకుంటాయి. విండోస్‌లో డీఎల్ఎల్‌లు ఉండే 'లైబ్రరీ\బిన్' ఫోల్డర్ పాత్‌లో చేరేదీ అప్పుడే. అది చేరకపోతే వచ్చేదే 'డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్ వైల్ ఇంపోర్టింగ్'. షెడ్యూల్ చేసిన జాబుల్లో 'కాండా రన్ -ఎన్ జియో పైథాన్ స్క్రిప్ట్.పై' అని రాయండి.

బ్లాస్‌ను మార్చుకోవడం కాండా-ఫోర్జ్‌లో ఉన్న సుఖం. '"లిబ్‌బ్లాస్=*=*ఎంకేఎల్"' అని ఇన్‌స్టాల్ చేస్తే మొత్తం ఎన్విరాన్‌మెంట్ ఎంకేఎల్‌కు మారుతుంది, చివరి మాట స్థానంలో ఓపెన్‌బ్లాస్ అని రాస్తే వెనక్కి. పిప్ ప్రపంచంలో నంపైకి ఒక ఓపెన్‌బ్లాస్, సైపైకి ఇంకొకటి విడివిడిగా వస్తాయి.

ఏదైనా మార్పు బెడిసికొడితే 'కాండా లిస్ట్ --రివిజన్స్' చరిత్ర చూపిస్తుంది, 'కాండా ఇన్‌స్టాల్ --రివిజన్ 3' ఆ స్థితికి తీసుకెళ్తుంది. పిప్‌తో పెట్టినవి ఈ చరిత్రలో ఉండవు.

కాండా లోపల పిప్: తప్పనప్పుడు చేసే పద్ధతి

ఏం జరుగుతుందో ముందు చూడండి. పిప్‌కు కాండా పెట్టిన పైథాన్ ప్యాకేజీలు కనిపిస్తాయి. అవసరమనిపిస్తే వాటిని తీసేసి తనవి పెడుతుంది. కాండా తన లెక్కలను 'కాండా-మెటా' అనే ఫోల్డర్‌లో విడిగా రాసుకుంటుంది. పిప్ ఆ లెక్కల పుస్తకాన్ని దిద్దదు. ఫలితంగా పుస్తకంలో నంపై 1.26 ఉంటుంది, ఫోల్డర్‌లో 2.2 ఉంటుంది. రేపు మీరు కాండాతో ఇంకేదో పెట్టినప్పుడు అది పుస్తకాన్ని నమ్మి ఫైళ్లు మారుస్తుంది. మిగిలేది రెండు వెర్షన్ల ముక్కలు కలిసిన ఫోల్డర్. దాన్ని బాగుచేయడానికి కూర్చోకండి, తీసేసి మళ్లీ కట్టండి, అదే తక్కువ సమయం.

అది జరగకుండా ఉండాలంటే వరుస ఇది:

1. 'కాండా సెర్చ్' తో ఆ ప్యాకేజీ నిజంగా కాండా-ఫోర్జ్‌లో లేదని తేల్చుకోండి. పేర్లు మారతాయి: పైపీఐలో టార్చ్, కాండాలో పైటార్చ్. అక్కడ టేబుల్స్, ఇక్కడ పైటేబుల్స్. అక్కడ ఓపెన్‌సీవీ-పైథాన్, ఇక్కడ ఓపెన్‌సీవీ.

2. దాని డిపెండెన్సీల్లో కాండాలో దొరికేవన్నీ కాండాతోనే ముందు పెట్టేయండి. పిప్‌ను కూడా.

3. 'పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ --డ్రై-రన్' నడిపి 'వుడ్ ఇన్‌స్టాల్' వరుస చదవండి. అందులో మీరడిగిన ప్యాకేజీ ఒక్కటే ఉండాలి. నంపై, సైపై, హెచ్5పై లాంటి పేరు కనిపించిందంటే ఆగండి. రెండో మెట్టులో ఏదో తప్పింది, లేదా వెర్షన్ హద్దు కలవలేదు.

4. శుభ్రంగా ఉంటే అదే కమాండ్‌ను '--నో-డెప్స్' చేర్చి నడపండి. వెంటనే పిప్ చెక్.

5. ఆ తర్వాత ఆ ఎన్విరాన్‌మెంట్‌లో కాండా ఇన్‌స్టాల్, కాండా అప్‌డేట్ చేయొద్దు. కొత్తది కావాలంటే ఫైల్లో రాసి మళ్లీ కట్టండి.

'కాండా లిస్ట్' లో చానల్ వరుసలో 'పైపీఐ' అని ఉన్నవి పిప్ తెచ్చినవి. ఎవరో ఇచ్చిన ఎన్విరాన్‌మెంట్ ఎంత కలిసిపోయిందో చూడటానికి ఇది చాలు. యాక్టివేట్ చేసిన కాండా ఎన్విరాన్‌మెంట్‌లో 'యూవీ పిప్ ఇన్‌స్టాల్' కూడా అందులోకే రాస్తుంది కాబట్టి ఈ నియమాలు దానికీ వర్తిస్తాయి.

పిక్సీ ఈ చిక్కును విప్పుతుంది. 'పిక్సీ యాడ్ జీడాల్' అంటే కాండా-ఫోర్జ్ నుంచి, 'పిక్సీ యాడ్ --పైపీఐ' అంటే పైపీఐ నుంచి. ముందు కాండా వైపు లెక్క తేల్చి, ఆ వెర్షన్లను కదలనివ్వకుండా పైపీఐ వైపు తేలుస్తుంది. రెండు ప్రపంచాలకూ కలిపి ఒకే పిక్సీ.లాక్.

ఎర్రర్ చూసి జబ్బు పట్టడం

'నంపై.డీటైప్ సైజ్ చేంజ్డ్, మే ఇండికేట్ బైనరీ ఇన్‌కంపాటిబిలిటీ': నంపై 2.0 వచ్చింది 2024 జూన్‌లో. దానితో సీ స్థాయి అమరిక మారింది. 1.x కాలంలో కంపైల్ చేసిన ప్యాకేజీ 2.x మీద నడవదు, 2.0 మీద కంపైల్ చేసినది మాత్రం పాత 1.x మీద కూడా నడిచే వీలుంది. కాబట్టి పాతబడినది నంపై కాదు, దాన్ని వాడుతున్న పక్క ప్యాకేజీ. ముందు దాన్ని పెంచి చూడండి. దానికి కొత్త వెర్షనే లేకపోతే "నంపై<2" అని బిగించండి.

'ఓఎంపీ: ఎర్రర్ #15': ఒకే ప్రాసెస్‌లోకి ఓపెన్ఎంపీ (లెక్కను ప్రాసెసర్ కోర్ల మధ్య పంచేది) లైబ్రరీ రెండు కాపీలు వచ్చాయి. ఎంకేఎల్ ఉన్న కాండా నంపై, పక్కనే పిప్ తెచ్చిన టార్చ్, ఇది సాధారణ కలయిక. సందేశంలోనే కేఎంపీ_డూప్లికేట్_లిబ్_ఓకే అనే వేరియబుల్‌ను ట్రూ చేయమని ఒక దారి కనిపిస్తుంది, దాంతోపాటే లెక్కలు తప్పు రావచ్చన్న హెచ్చరికా ఉంటుంది. సైంటిఫిక్ పనిలో తప్పు లెక్క కంటే ఆగిపోయిన ప్రోగ్రామే మేలు. రెంటినీ ఒకే యజమాని నుంచి తెచ్చుకోండి. ఎవరెవరు ఏ లైబ్రరీ తెచ్చారో 'పైథాన్ -ఎమ్ థ్రెడ్‌పూల్‌సీటీఎల్ -ఐ నంపై టార్చ్' పాత్‌లతో సహా చూపిస్తుంది.

'జీలిబ్‌సీ... నాట్ ఫౌండ్': పాత క్లస్టర్ల జబ్బు. వీల్ పేరులో మెనీలినక్స్_2_28 అని ఉంటే ఆ మెషీన్‌లో జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) 2.28 లేదా అంతకు పైది ఉండాలి. సెంటాస్ 7లో ఉన్నది 2.17. 'ఎల్‌డీడీ --వెర్షన్' మీ దగ్గరున్నది చెబుతుంది. జీలిబ్‌సీని మార్చే ప్రయత్నం చేయొద్దు, కంటెయినర్ వాడండి.

'నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్': పైథాన్ 3.12 ఆ మాడ్యూల్‌ను తీసేసింది. పాత సోర్స్ ప్యాకేజీని కంపైల్ చేయబోతున్నారన్నమాట. కొత్త వెర్షన్ వెతకండి, లేదంటే 3.11కు దిగండి.

జూపిటర్ నోట్‌బుక్‌లో మాత్రమే ఇంపోర్ట్ కావట్లేదంటే కెర్నల్ (సెల్స్‌ను నడిపే ప్రాసెస్) వేరే పైథాన్‌ది. సెల్‌లో 'సిస్.ఎగ్జిక్యూటబుల్' ప్రింట్ చేసి చూడండి. సెల్‌లో ఆశ్చర్యార్థకంతో '!పిప్' అనకుండా శాతం గుర్తుతో '%పిప్' అనండి. మొదటిది షెల్ పాత్‌లోని పిప్, రెండోది కెర్నల్ పిప్. శాశ్వతంగా సరిచేయాలంటే సరైన ఎన్విరాన్‌మెంట్‌లో ఐపైకెర్నల్ పెట్టి:

పైథాన్ -ఎమ్ ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ జియో

క్యూడా సంగతి

(తెలుగువాళ్లం దీన్ని 'కూడా' అని పలికితే వాక్యం అర్థమే మారిపోతుంది కనుక క్యూడా అనే రాస్తున్నాం.) క్యూడా అంటే ఎన్‌విడియా జీపీయూల మీద లెక్కలు నడిపే వ్యవస్థ. పిప్ తెచ్చే పైటార్చ్ తనకు కావాల్సిన క్యూడా రన్‌టైమ్‌ను తనే తెచ్చుకుంటుంది. సిస్టమ్‌లో ఉండాల్సింది ఎన్‌విడియా డ్రైవర్ ఒక్కటే. 'ఎన్‌విడియా-ఎస్ఎంఐ' కుడి పైమూలన చూపించే క్యూడా వెర్షన్ మీ దగ్గరున్న టూల్‌కిట్ వెర్షన్ కాదు, ఆ డ్రైవర్ మోయగల గరిష్ఠ వెర్షన్. అది 12.4 అంటే 12.4కు, అంతకు కిందివాటికి కట్టిన వీల్స్ ఎంచుకోండి. యూవీలో '--టార్చ్-బ్యాకెండ్=ఆటో' ఈ ఎంపిక తనే చేస్తుంది.

పైటార్చ్ బృందం తమ సొంత కాండా చానల్‌లో విడుదలలను 2.5 తర్వాత ఆపేసింది. '-సి పైటార్చ్' అని ఉన్న పాత సూచనలను పాటిస్తే పాత వెర్షన్ దగ్గరే ఇరుక్కుపోతారు. కాండాలో కావాలంటే కాండా-ఫోర్జ్‌దే.

క్లస్టర్‌లో లాగిన్ నోడ్ మీద కాండాతో కడితే జీపీయూ వెర్షన్ బదులు సీపీయూ వెర్షన్ దిగుతుంది. లాగిన్ నోడ్‌లో జీపీయూ ఉండదు, సాల్వర్ దాన్నే చూసి నిర్ణయిస్తుంది. ముందు కాండా_ఓవర్‌రైడ్_క్యూడా అనే వేరియబుల్‌ను (పెద్ద అక్షరాల్లో) 12.4 లాంటి విలువతో పెట్టి, తర్వాత ఇన్‌స్టాల్ చేయండి.

రాసిపెట్టడం, మళ్లీ కట్టడం

కాండాలో ఎన్విరాన్‌మెంట్.వైఎమ్ఎల్ ఫైల్‌ను చేత్తో రాయండి:

నేమ్: జియో
చానల్స్:
  - కాండా-ఫోర్జ్
  - నోడిఫాల్ట్స్
డిపెండెన్సీస్:
  - పైథాన్=3.12
  - నంపై
  - జీడాల్
  - పిప్
  - పిప్:
      - పైపీఐలో మాత్రమే ఉన్నదాని పేరు

అందులో మీరు నేరుగా ఇంపోర్ట్ చేసేవే ఉండాలి. 'కాండా ఎన్వ్ ఎక్స్‌పోర్ట్' ఉన్నదంతా బిల్డ్ సంకేతాలతో సహా కక్కుతుంది. లినక్స్‌లో తీసిన ఆ ఫైలు మ్యాక్‌లో పనికిరాదు. '--ఫ్రమ్-హిస్టరీ' చేరిస్తే మీరు అడిగినవే వస్తాయి కానీ పిప్ వాటా రాదు. అన్ని వెర్షన్లూ బిగించిన నకలు కావాలంటే కాండా-లాక్ వాడండి. అదే ఆపరేటింగ్ సిస్టమ్ అయితే 'కాండా లిస్ట్ --ఎక్స్‌ప్లిసిట్' చాలు.

కాండా ఎన్విరాన్‌మెంట్‌లో 'పిప్ ఫ్రీజ్' వాడొద్దు. నంపై పక్కన వెర్షన్ బదులు దాన్ని కట్టిన సర్వర్‌లోని ఫైల్ పాత్ ఉండే వరుసలు వస్తాయి, అవి మరే మెషీన్‌లోనూ లేవు. తప్పనిసరైతే 'పిప్ లిస్ట్ --ఫార్మాట్=ఫ్రీజ్'.

ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కు మారేటప్పుడు పాత ఎన్విరాన్‌మెంట్‌ను మార్చే ప్రయత్నం చేయకండి. నేరుగా వాడే ప్యాకేజీల జాబితా తీసి, పేర్లు పైపీఐకి తగ్గట్టు సరిదిద్ది, పక్కనే కొత్తది కట్టండి. పాతదాన్లో వచ్చిన ఫలితాలతో ఒక చిన్న లెక్కను పోల్చి చూడండి. బ్లాస్ మారితే చివరి దశాంశాల్లో తేడా రావడం సహజం. అందుకే అచ్చంగా సమానమా అని అడగకుండా 'నంపై.ఆల్‌క్లోజ్' తో పోల్చండి. అది నెగ్గాక పాతది తీసేయవచ్చు:

కాండా ఎన్వ్ రిమూవ్ -ఎన్ జియో
కాండా క్లీన్ --ఆల్

పిప్ వైపు 'పిప్ క్యాష్ పర్జ్', యూవీ వైపు 'యూవీ క్యాష్ ప్రూన్'. కాండా, యూవీ రెండూ క్యాష్ నుంచి ఫైళ్లను హార్డ్‌లింక్‌తో ముడివేయగలవు. క్యాష్, ఎన్విరాన్‌మెంట్ ఒకే డిస్క్ మీద ఉంటే జాగా మిగులుతుంది. హోమ్ కోటా చాలదని క్యాష్‌ను ఒక్కదాన్నే వేరే డిస్క్‌కు జరిపితే ప్రతి ఫైలూ నకలవుతుంది. జరిపేటట్టయితే రెంటినీ కలిపే జరపండి.